పరంజా మీది నుంచి పడ్డవారిని చంకల కింద పట్టి లేపకండి

సంపాదకుల వారికి,

బెంగళూరు చుట్టూ సర్జాపుర, వైట్‌ఫీల్డ్, దేవనహళ్ళి వైపు కడుతున్న భవనాల మీద అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచి వచ్చిన మన మేస్త్రీలు, కూలీలు ఎందరో పనిచేస్తున్నారు. పరంజా మీది నుంచి మనిషి పడగానే ఒకరు చంకల కింద చేతులు వేసి, ఇంకొకరు కాళ్ళు పట్టుకుని లేపుతారు. ఆ వెంటనే ఆటోలో కూర్చోబెడతారు. కాపాడాలన్న ఆత్రంతోనే చేస్తారు, కానీ కాళ్ళు చచ్చుబడిపోవడానికి ఈ రెండు పనులే కారణం కావచ్చు.

వెన్నుపాము పుర్రె అడుగున మొదలై, పెద్దవాళ్ళలో నడుము ఒకటి, రెండు పూసల దగ్గర ముగుస్తుంది. పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, మందం చిటికెనవేలంత. ఛాతీ పూసలు 12. వాటిని పక్కటెముకలు కదలకుండా పట్టి ఉంచుతాయి. కింది నడుము పూసలకు ఆ ఆసరా లేదు, బాగా వంగుతాయి. ఈ రెండూ కలిసే చోటే, అంటే 12వ ఛాతీ పూస, ఒకటో నడుము పూస దగ్గరే, ఎత్తు నుంచి పడ్డవాళ్ళకు ఎక్కువగా విరుగుతుంది. మూత్రాన్ని, మలాన్ని అదుపు చేసే వెన్నుపాము చివరి భాగం ఉండేదీ అక్కడే. చంకలూ కాళ్ళూ పట్టి లేపితే ఒళ్ళు మడతపడేదీ అక్కడే. పూస విరిగినా వెన్నుపాము ఇంకా నలగకుండా మిగిలిన మనిషికి, విరిగిన ముక్క వెనక్కి జరిగి ఆ కాస్తలోనే నష్టం జరిగిపోవచ్చు. మెడలో అయితే ప్రాణానికే ముప్పు. ఊపిరి ఆడించే డయాఫ్రమ్ కండరానికి నరాలు వెళ్ళేది మెడ 3, 4, 5 స్థాయిల నుంచే.

ముందు 108కి ఫోన్ చేయండి. ఒకరు తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో తలను ఉన్నచోటే పట్టుకోవాలి. లేచి నిలబడమని, మెడ తిప్పమని అడగొద్దు. కాలి వేళ్ళు కదపమనండి, చేతులు బిగించమనండి, కాళ్ళ మీద తాకితే తెలుస్తోందో లేదో అడగండి. టైముతో సహా రాసిపెట్టి అంబులెన్స్ సిబ్బందికి చెప్పండి. తర్వాత బలహీనత పెరిగిందా లేదా అని డాక్టర్లు తేల్చుకోవడానికి అది చాలా విలువైన సమాచారం. కాలు విరిగి వంకరగా కనిపిస్తున్నా నొప్పి లేదంటే అది మంచి కబురు కాదు, స్పర్శ పోయి ఉండవచ్చు. నీళ్ళు తాగించవద్దు. వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

వాంతి అవుతున్నా, మోసుకెళ్ళే చెక్క పలక మీదికి ఎక్కించాల్సి వచ్చినా పక్కకు దొర్లించడానికి కనీసం నలుగురు కావాలి. తల పట్టుకున్నవారే మాట చెప్పాలి. మిగతా ముగ్గురు భుజం, తుంటి, మోకాలు దగ్గర పట్టుకుని, ఆ మాట మీద అందరూ ఒక్కసారే తిప్పాలి. ముక్కు, బొడ్డు ఒకే గీతలో ఉండాలి. గోడ కూలేలా ఉంటే ఆగే పని లేదు, ఒళ్ళు వంకర పోకుండా నిలువునా లాగేయండి.

పలకకు వెతుక్కోనక్కర్లేదు. సెంట్రింగ్ ప్లైవుడ్ సైట్‌లోనే ఉంటుంది. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ముక్క కోసి, అంచుల్లో చేతిపట్టుకు కంతలు పెట్టి, నాలుగు పట్టీలతో సిద్ధంగా ఉంచాలి. ఛాతీ, తుంటి, తొడలు ముందు కట్టాలి. ఊపిరికి అడ్డం రాకూడదు. తలకు రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్ళు పెట్టి చివర్లో కట్టాలి. తల ముందు కడితే ఒళ్ళు జారినప్పుడల్లా మెడ వంగుతుంది. పలక మోయడానికే గానీ పడుకోబెట్టి ఉంచడానికి కాదు. స్పర్శ లేని చర్మం గట్టి పలక మీద గంటల్లోనే పాడై పుండ్లు పడుతుంది.

కాళ్ళ మీద పడి మడమ విరిగినవారికి వెన్నుపూస కూడా విరిగి ఉండవచ్చు. మడమకు కట్టు కట్టి పంపేస్తుంటే నడుము ఎక్స్‌రే కూడా తీయమని అడగండి. బాత్‌రూమ్‌లో జారి నుదురు కొట్టుకున్న పెద్దవాళ్ళ విషయంలోనూ జాగ్రత్త. మెడ పూసలు అరిగి, వెన్నుపాము ఉండే నాళం ఇరుకైనవాళ్ళకు ఎముక విరగకుండానే వెన్నుపాము నలగవచ్చు. నడుస్తూనే వస్తారు, చేతుల్లో మాత్రం పట్టు ఉండదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా ఎంఆర్ఐ కావాలి.

బిల్డర్లకు ఒక మనవి. పలకతో పాటు, ప్రతి షిఫ్టులో నలుగురికి ఈ దొర్లించే పద్ధతి చేయించి చూపండి. గేటు దగ్గర సైట్ చిరునామా, దగ్గరి గుర్తు కన్నడంలోనూ తెలుగులోనూ రాసి పెట్టండి. కన్నడం రాని కూలీ కూడా 108కి అది చదివి చెప్పగలగాలి.

— వెన్నుపాము గాయాల పునరావాసంలో పనిచేసే ఫిజియోథెరపిస్టులు, బెంగళూరు