పాత వీణ పగుళ్ల సంగతి

చిక్కడపల్లి, హైదరాబాదు
మే నెలాఖరు

ప్రియమైన భాస్కరానికి,

అమ్మాయి కోసం మేము కొన్న పాత వీణకు పగుళ్లున్నాయని విని నీవు కంగారుపడ్డావు కనుక, ఫోనులో చెప్పలేకపోయినదంతా ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

అది బొబ్బిలి వీణ. కుండ (గుండ్రని బోలు భాగం), దండి (పొడవాటి మెడ) ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండి. అతుకుల వీణ అయి, దండి కుండతో కలిసే చోట సందు కనిపించి ఉంటే నేను ఎంత చవకైనా కొనేవాణ్ణి కాదు. ఎందుకంటే తీగల బిగువంతా అక్కడే పడుతుంది, ఆ అతుకు వదిలితే దండి వంగి, తీగలు దండి మీద స్వరస్థానాలకు అమర్చిన మెట్లకు అందనంత ఎత్తుకు లేస్తాయి. దీనికి ఆ బెడద లేదు. పై పలక మీద కనిపించే సన్నని గీతలు పాలిష్‌కు పరిమితమైనవే.

అసలు పగులు కుండ పక్కన, జానెడు పొడవున ఉంది. ఆరే చెక్క నార పొడవునా దాదాపు కుంచించుకోదు, అడ్డంగా మాత్రం కుంచించుకుంటుంది. అందుకే మా ఊరి ఏప్రిల్, మే నెలల పొడి గాలికి, ఏసీ గదికి అది నార వెంబడే విచ్చుకుంటుంది. మంద్రంలో, అంటే కింది స్థాయిలో, ఒక స్వరం జీరగా పలికితే అందరమూ పగులునే అనుమానించాము. దానికి రెండు వైపులా వేళ్లతో నొక్కిపట్టి మీటి చూస్తే జీర పోలేదు. తీరా చూస్తే, 24 మెట్లలో ఒకటి మైనంలో వదులైంది. ఎండకు మైనం మెత్తబడడం మామూలే, మేళం, అంటే మైనంలో మెట్ల అమరిక, మళ్లీ కట్టిస్తే సరిపోతుంది.

పగులులో రంపపు పొట్టు కలిపిన జిగురు కూరమని ఒకరు సలహా ఇచ్చారు. నాకు అది బొత్తిగా నచ్చలేదు. ఇప్పుడు సందు పూర్తిగా తెరుచుకుని ఉంది. గట్టిపడే పదార్థంతో నింపితే, వానలకు చెక్క ఉబ్బినప్పుడు దానికి చోటు లేక పక్కన మరో చీలిక పుట్టవచ్చు. పగులు రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ వేశాను, వీణను ఏసీ గాలికి దూరంగా జరిపాను. ఆగస్టు నాటికి అది గీత దాటకుండా మూసుకుంటే, వేడికి విడిపోయే పాతకాలపు జిగురు చాలు, రేపు మరొకరు విప్పి బాగుచేసుకోవచ్చు. సందు మిగిలితే అంతమేరకు పనస చెక్క చీలిక పెట్టించాలి.

నీవు విజయనగరంలోనే ఉన్నావు కనుక, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవారిని కలిసి, బాగా ఆరిన పాత పనస ముక్క ఒకటి దొరుకుతుందేమో అడుగు. జానెడు పొడవుంటే చాలు.

నీ
రామం