సూరీ, ఆ 138 సంగతి

విశాఖపట్నం,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం బుధవారం అందింది. 138 అని రెండుచోట్ల రాసి, రెండుచోట్లా కింద గీత గీశావు. మీ చిన్నాడికి తెలివితేటల పరీక్షలో అంత ఐక్యూ వచ్చిందంటే నాకూ సంతోషమేరా, నేను ఎత్తుకు తిప్పిన పిల్లాడు. కానీ ఆ కిందనే "ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, హాస్టల్లో వేసేస్తాం" అన్నావు చూడు, అది చదివిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. వదినకి కూడా ఈ ఉత్తరం చూపించు.

ముందు ఆ నంబరు సంగతి. సగటు 100 అని పెట్టుకుని, నూటికి 68 మంది 85కీ 115కీ మధ్య పడేలా ఆ కొలత తయారుచేస్తారు. 130 దాటేవాళ్లు నూటికి ఇద్దరు. కాబట్టి 138 చిన్న విషయమని నేను అనను. కానీ రాత్రి సరిగ్గా నిద్రపోని రోజున కూర్చోబెడితే అదే పిల్లాడికి 133 రావచ్చు, ఇంకో రోజు 141 రావచ్చు. తన ఈడు పిల్లల వరసలో ఆ పూట ఎక్కడ నిలబడ్డాడో చెబుతుంది, అంతవరకే. అసలు ఈ పరీక్ష ఎందుకు పుట్టిందో తెలుసా? 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ అనే ఇద్దరు, బడిలో వెనకబడే పిల్లల్ని గుర్తుపట్టి వాళ్లకి విడిగా సాయం చెయ్యడానికి దీన్ని తయారుచేశారు. తెలివి పుట్టుకతో ఇంతే, ఇక పెరగదు అనేవాళ్లంటే బినేకి ఒళ్లుమంట. అలాంటాయన చేసిన పరీక్షతోనే తర్వాతివాళ్లు పిల్లల్ని పైవాళ్లు, కిందవాళ్లు అని వేరుచేశారు.

అలా వేరుచేసినవాళ్లలో పెద్దవాడు లూయిస్ టెర్మన్ అనే అమెరికా సైకాలజిస్టు. 1921లో కాలిఫోర్నియాలో పదిహేను వందల మందికి పైగా తెలివైన పిల్లల్ని ఐక్యూ చూసి ఎంచి, ఏళ్ల తరబడి వెంబడించి చూశాడు. చాలామంది బాగానే స్థిరపడ్డారు, మంచి ఉద్యోగాలు చేశారు. కానీ వాళ్లలో ఒక్కరికీ నోబెల్ రాలేదు. ఆ పరీక్ష రాసి, మార్కు చాలక ఎంపిక కాని పిల్లల్లో విలియం షాక్లీ ఉన్నాడు, లూయిస్ ఆల్వరెజ్ ఉన్నాడు. షాక్లీకి 1956లో, ఆల్వరెజ్‌కి 1968లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. వడపోతలో కిందికి జారిపోయినవాళ్లురా ఇద్దరూ!

ఇది చదివినప్పుడల్లా నాకు మన బడి గుర్తొస్తుంది. నువ్వు 'ఏ' సెక్షన్, నేను 'సి' సెక్షన్. ఏడో తరగతి మార్కులు చూసి విడగొట్టారు. నీకు లెక్కల మాస్టారు రోజూ వచ్చేవారు, మాకు వారానికి రెండు రోజులు. ఏడాది తిరిగేసరికి మీకు లెక్కలొచ్చాయి, మాకు రాలేదు. అప్పుడు "చూశారా, మేం ముందే చెప్పాం" అన్నారు. సాయంత్రం మీ అరుగు మీద నువ్వు చెప్పబట్టి గానీ, నేను ఈరోజు లెక్కల టీచరునయ్యేవాణ్ణి కాదు. ఆ బాధ నాకింకా పోలేదురా.

మొన్న శనివారం తెల్లారకుండా ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. బోట్లు వచ్చి చేపల వేలంపాట జరుగుతోంది. నలుగురు ఆడవాళ్లు కలిసి ఒక గుట్ట వంజరం పాడుకున్నారు. 27 కిలోలు, కిలో 340. వాళ్లలో పెద్దావిడ తట్ట చంకనేసుకుని, కాగితం లేదు, ఫోను లేదు, గాల్లో చూస్తూ అంది: "ముప్పై కేజీలనుకో, పదివేల రెండొందలు. మూడు తీసెయ్, వెయ్యిన్ని ఇరవై. తొమ్మిదివేల నూటెనభై. తలో రెండువేల రెండొందల తొంభై అయిదు." నేను జేబులోంచి ఫోను తీసేలోపు అయిపోయింది. "అమ్మా, ఏం చదువుకున్నావు?" అంటే, "నాకు సదువేటి బావూ, ఏలిముద్రే" అంది. వేసిన లెక్క చూశావా? 27ని 30 చేసి, ఎక్కువైంది తీసెయ్యడం. అదే ఉపాయం నేను ఎనిమిదో తరగతికి బోర్డు మీద రెండు పీరియడ్లు చెబుతాను.

ఇలాంటిదే బ్రెజిల్‌లో రెసీఫె అనే ఊళ్లో చూశారు. వీధుల్లో కొబ్బరికాయలు, పళ్లు అమ్ముకునే పిల్లలు బేరం మధ్యలో వేసిన లెక్కల్లో నూటికి 98 సరిగ్గా వచ్చాయి. ఆ పిల్లలకే అవే లెక్కలు కాగితం మీద కూడికలు, గుణకారాలుగా ఇస్తే 37కి పడిపోయింది. 1985లో అచ్చయిన పరిశోధన అది. అది చదివాక నా క్లాసులో వెనక బెంచీ పిల్లల్ని చూసే పద్ధతే మారిపోయింది. ఇప్పుడు ముందు నోటితో చెప్పించి, తర్వాతే రాయిస్తున్నాను.

మరి మహా మేధావులంటావా? మన ఊళ్లోనే చూడు. సి.వి. రామన్ ఇక్కడే పదకొండేళ్లకి మెట్రిక్ పాసయ్యాడు. పువ్వు పుట్టగానే పరిమళించింది అంటారు, నిజమే. కానీ వాళ్ల నాన్నగారు ఇక్కడ ఏవీఎన్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పేవారు. ఇంటి నిండా పుస్తకాలు. నాకు అంతకంటే దగ్గరైన మనిషి, స్టాటిస్టిక్స్‌లో పెద్ద పేరున్న సి.ఆర్. రావు గారు. ఆయనా ఏవీఎన్‌లో చదివి, వాల్తేరులోని ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎమ్మే చేశారు. తర్వాత అక్కడే రీసెర్చ్ స్కాలర్‌షిప్‌కి పెడితే, దరఖాస్తు ఆలస్యంగా అందిందని ఇవ్వలేదు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లారు, అదీ దొరకలేదు. అక్కడ స్టాటిస్టిక్స్ శిక్షణ పొందుతున్న ఒకాయన కనపడబట్టి, 1941 జనవరిలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. నాలుగేళ్లకి, పాతికేళ్ల వయసులో, ఇప్పుడు ప్రపంచమంతా చదివే క్రామర్-రావు సూత్రం, అంటే లెక్కగట్టిన అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో చెప్పేది, అచ్చయింది. అంత పెద్దాయన తన పుస్తకాన్ని ఎవరికి అంకితమిచ్చారో తెలుసా? వాళ్లమ్మ లక్ష్మీకాంతమ్మ గారికి. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి ఇచ్చేదట. ఆ దీపం దగ్గర ఆగిపోయాను నేను. ర్యాంకు తెచ్చుకోమని ఆవిడ అన్నట్టు ఆ అంకితంలో ఎక్కడా లేదు. ప్రశాంతంగా చదువుకునే ఒక వేళని బిడ్డకిచ్చింది.

ఇప్పుడు చిన్నాడి సంగతి. సంక్రాంతికి వచ్చినప్పుడు భీమిలి బీచ్‌లో జరిగింది నీకు తెలీదు. నువ్వు ఫోన్లో ఉన్నావు. వాడు గొంతుక్కూర్చుని చిన్న చిన్న పీతల కన్నాలు చూస్తున్నాడు. కన్నం చుట్టూ ఇసుక ఉండలు, గోరంత కూడా లేవు. "మావయ్యా, ఇవి ఎటు పడితే అటు వెయ్యట్లేదు, చూడు, కన్నం దగ్గర్నుంచి దారిలా వదిలేస్తోంది" అన్నాడు. నిజమే, వరసల మధ్య సన్నని బాట ఉంది. ఎందుకు వదులుతుందని నన్నడిగాడు. నువ్వే చూసి చెప్పు అన్నాను. గంట సేపు కదల్లేదురా. చివరికి తనే చెప్పాడు: "ఎవరన్నా వస్తే పరిగెత్తి లోపలికి పోడానికి." ఆ సాయంత్రమే ఐస్‌క్రీం కింద పడిపోయిందని వెక్కి వెక్కి ఏడ్చాడు కూడా. బుర్ర పన్నెండేళ్లవాడిలా పరిగెడుతుంది, మనసు ఆరేళ్లదే. ఇలాంటి పిల్లలకి ఇది మామూలే. వాణ్ణి పదేళ్లకే అమ్మకి దూరంగా, ర్యాంకుల బోర్డు కింద పడుకోబెట్టడం ఆలోచించినా నాకు టెన్షన్ వస్తోంది.

హాస్టల్ మాట ఈ ఏటికి పక్కన పెట్టు. దసరా సెలవులకి వాణ్ణి ఒక్కణ్ణే నా దగ్గరికి పంపు, రెండు వారాలు. పొద్దున్నే హార్బర్‌కి తీసుకెళతాను, ఆవిణ్ణి చూపిస్తాను. గీతల్లేని నోట్‌బుక్కు ఒకటి, భూతద్దం ఒకటి కొని ఉంచాను. పీతల సంగతి వాడు ఇంకా తేల్చుకోవాల్సి ఉందట, పోటు వచ్చినప్పుడు ఆ ఉండలు ఏమవుతాయో చూడాలని మొన్న ఫోన్లో చెప్పాడు. టికెట్ ఎప్పటికి తీశావో రాయి.

నీ
రాజు