ముందు రాగి పరీక్ష, తర్వాతే డోపమైన్ మందు

సంపాదకులకు నమస్కారం.

పిల్లవాడు చిరాకు పడితే డోపమైన్, చదువు మీద ధ్యాస తప్పితే డోపమైన్, ఫోన్ వదలకపోతే డోపమైన్. ఆరోగ్య పేజీల్లో ఈ మధ్య అన్నిటికీ ఇదే జవాబు. మెదడులో ఆ రసాయనం చేసే పని పెద్దదే, కాదనడం లేదు. కానీ ప్రవర్తన మారిన ప్రతి కుర్రవాడి విషయంలోనూ మన చూపు తల దగ్గరే ఆగిపోతే, కాలేయంలో మొదలైన ఒక జబ్బు కొందరిలో చేయి దాటిపోతుంది. అది విల్సన్ వ్యాధి. సుమారు 30 వేల మందిలో ఒకరికి వస్తుందని అంచనా. అరుదైనదే, కానీ మాత్రలతో అదుపు చేయగలిగిన అతి కొద్ది వంశపారంపర్య వ్యాధుల్లో ఇదొకటి. అందుకే దీన్ని గుర్తించలేకపోవడం ఇంత బాధ కలిగిస్తుంది.

బ్రిటిష్ నరాల వైద్యుడు కినియర్ విల్సన్ దీన్ని 1912లో వివరించారు. మెదడు దెబ్బతిన్న యువ రోగుల్లో కాలేయం కూడా గట్టిపడి ఉండటం ఆయన అప్పుడే గమనించారు. కారణమైన ఏటీపీ7బీ అనే జన్యువు మాత్రం 1993లో బయటపడింది. తిండి ద్వారా రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల రాగి లోపలికి వెళుతుంది. కాలేయం అందులో కొంత సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్‌కు ఎక్కించి రక్తంలోకి పంపుతుంది, మిగిలినది పైత్యరసంలో బయటికి తోసేస్తుంది. ఈ రెండు పనులూ చేయించేది ఆ జన్యువే. అది చెడితే రాగి కాలేయంలో పేరుకుంటుంది, నిండాక రక్తంలోకి పొర్లి కంటి నల్లగుడ్డు అంచునా మెదడులోనూ చేరుతుంది. మెదడులో ఎక్కువగా దెబ్బతినేది బేసల్ గాంగ్లియా. కదలికలకు, ఉత్సాహానికి, తనను తాను అదుపు చేసుకోవడానికి సంబంధించిన డోపమైన్ సంకేతాలను అందుకునే చోటు అదే.

కాబట్టి ఇంట్లో కనిపించేది కామెర్లే కానక్కర్లేదు. బాగా చదివే పిల్ల మార్కులు హఠాత్తుగా పడిపోతాయి. చేతిరాత చిన్నదై గీతలు వంకర పోతాయి. మాట ముద్దగా వస్తుంది, చొల్లు కారుతుంది. చేతులు చాచి ఉంచితే రెక్కలు కొట్టినట్టు వణుకుతాయి. కారణం లేకుండా కోపం, ఏడుపు, సిగ్గూ బిడియం లేని ప్రవర్తన, దిగులు కనిపిస్తాయి. ఎక్కువ మందిలో ఇవి 5 నుంచి 35 ఏళ్ళ మధ్య మొదలవుతాయి, అంతకు మించిన వయసులోనూ రావచ్చు.

అసలు ప్రమాదం ఇక్కడుంది. ఇలాంటి రోగికి మానసిక వ్యాధి అని పేరు పెట్టి హాలోపెరిడాల్ లాంటి, డోపమైన్ గ్రాహకాలను గట్టిగా అడ్డుకునే మందు మొదలుపెడితే, అప్పటికే దెబ్బతిన్న బేసల్ గాంగ్లియా మీద అది రెండో దెబ్బ. ఒళ్ళు బిగుసుకుపోతుంది, మింగడం కష్టమవుతుంది. అది మందు దుష్ప్రభావమే అనుకుని దానికి విరుగుడు రాస్తారు. ఈలోగా రాగి పేరుకుంటూనే ఉంటుంది. ఉద్రేకంలో ఉన్న రోగిని ముందు శాంతపరచాల్సిందే. కానీ రక్తం, మూత్రం నమూనాలు అదే వారంలో వెళ్ళాలి. మందు తప్పనిసరైతే క్వెటియాపిన్ లాంటి, గ్రాహకాలకు అంత గట్టిగా అతుక్కోనివి ఎంచుకోవాలి. ఈ లేఖ చదివి ఎవరూ సొంతంగా మందు మానకూడదు. డాక్టరును అడగాల్సింది రాగి పరీక్ష సంగతి.

ఆ పరీక్షల్లో జరిగే తప్పులు కాస్త వివరంగా చెప్పాలి. మొదటిది సెరులోప్లాస్మిన్. మామూలుగా డెసిలీటరుకు 20 నుంచి 40 మిల్లీగ్రాములు ఉండాలి. 10 కన్నా తక్కువైతే బలమైన అనుమానం, 10కీ 20కీ మధ్య ఉంటే ముందుకు వెళ్ళి చూడాలి. గర్భం, ఈస్ట్రోజెన్ హార్మోను మాత్రలు, ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) దీన్ని పైకి లేపుతాయి కాబట్టి నార్మల్ అని రాగానే ఫైలు మూయకూడదు. ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటే చెడిన ఆరోగ్యవంతుల్లోనూ ఇది కొంత తగ్గవచ్చు కాబట్టి ఈ ఒక్క అంకెతో జబ్బు ఖాయం చేయనూ కూడదు. ఇంకో పొరపాటు మరీ తరచుగా జరుగుతుంది. రక్తంలో మొత్తం రాగి కొలిపించి, ‘తక్కువగానే ఉంది, ఇది విల్సన్ కాదు’ అని తేల్చేస్తారు. రక్తంలోని రాగిలో అధికభాగం సెరులోప్లాస్మిన్‌కు అంటుకుని ఉంటుంది, ఆ ప్రొటీన్ తగ్గితే మొత్తం కూడా తగ్గుతుంది. అంటే ఆ తక్కువ అంకె జబ్బుకు సాక్ష్యమే కావచ్చు.

రెండోది 24 గంటల మూత్రం. ఉదయం లేవగానే వచ్చిన మూత్రం పారబోసి టైము రాసుకోవాలి. అప్పటినుంచి మర్నాడు అదే టైము వరకు ప్రతిసారీ, ఆఖరిదానితో సహా, ల్యాబ్ ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పట్టాలి. లోహపు గిన్నెలో పట్టి డబ్బాలో పోస్తే గిన్నెలోని రాగి కలిసి లెక్క పెరుగుతుంది. ఒక్కసారి మరిచిపోయినా లెక్క తగ్గుతుంది. అందుకే మొత్తం పరిమాణం, క్రియాటినిన్ (కండరాల నుంచి రోజూ మూత్రంలోకి వచ్చే వ్యర్థం) కూడా కొలవాలి, సేకరణ పూర్తిగా జరిగిందో లేదో వాటితో తెలుస్తుంది. రోజుకు 40 మైక్రోగ్రాములు దాటితే అనుమానించాలి. లక్షణాలున్న రోగిలో 100 దాటితే దాదాపు ఖాయం.

మూడోది కంటి డాక్టరు స్లిట్ ల్యాంపు అనే సూక్ష్మదర్శినితో చూసే కైజర్-ఫ్లైషర్ వలయం, అంటే నల్లగుడ్డు అంచున చేరిన రాగి ఉంగరం. టార్చిలైటుతో చూసి లేదనడం సరిపోదు. నరాల లక్షణాలున్న వారిలో నూటికి 90కి పైగా కనిపిస్తుంది, కాలేయం మాత్రమే దెబ్బతిన్న వారిలో సగం మందిలో ఉండకపోవచ్చు. ఇంకా తేలకపోతే జన్యు పరీక్ష, కాలేయం ముక్క తీసి రాగి కొలవడం ఉన్నాయి. ఎండిన కణజాలంలో గ్రాముకు 250 మైక్రోగ్రాములు దాటితే జబ్బు వైపే మొగ్గాలి.

కాలేయం వైపునుంచి కూడా ఇదే నిర్లక్ష్యం చూస్తాం. సన్నగా ఉన్న పదిహేనేళ్ళ కుర్రవాడి స్కానింగులో ఫ్యాటీ లివర్ అని వస్తే తిండి తగ్గించమని పంపేయడం సరికాదు. విల్సన్‌లో కాలేయం అచ్చం అలాగే కనిపిస్తుంది, కొన్నిసార్లు ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లా (ఒంటి రక్షణ వ్యవస్థే కాలేయాన్ని దెబ్బతీసే జబ్బు) కూడా. తీవ్రమైన కామెర్లతో పాటు ఎర్రరక్తకణాలు చితికిపోతూ, కూంబ్స్ పరీక్ష (ఆ కణాలను యాంటీబాడీలు చితకగొడుతున్నాయేమో చూసేది) నెగటివ్‌గా, లివర్ పరీక్షల్లో కొలిచే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఆశ్చర్యపడేంత తక్కువగా ఉంటే, అదే రోజు కాలేయ మార్పిడి చేసే చోటికి పంపాలి. ఆ దశలో మాత్రలు నిలబెట్టలేవు.

ముందే పట్టుకుంటే మందులున్నాయి. 1956లో జాన్ వాల్ష్ పరిచయం చేసిన పెన్సిలమైన్ రాగిని మూత్రంలోకి లాగుతుంది. రోజుకు 125 లేదా 250 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, తొందరపడితే నరాల లక్షణాలు ముదిరిపోయే ప్రమాదం ఉంది. తిండికి గంట ముందు గానీ రెండు గంటల తర్వాత గానీ వేసుకోవాలి, వెంట పైరిడాక్సిన్ (విటమిన్ బి6) ఇవ్వాలి. మొదటి వారాల్లో జ్వరం, దద్దుర్లు వస్తాయేమో చూడాలి. రక్తకణాల లెక్క, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు క్రమం తప్పకూడదు. పడనివారికి ట్రైయెంటీన్ ఉంది. జింక్ పేగులోనే రాగిని అడ్డుకుంటుంది. పెద్దలకు 50 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, ఖాళీ కడుపున. ఇవన్నీ జీవితాంతం వాడాల్సినవే, గర్భంలోనూ ఆపకూడదు. బాగున్నానని మానేసిన వారిలో కొన్ని నెలలకే కాలేయం కుప్పకూలవచ్చు. అందుకే మందుల దుకాణంలో స్టాకు లేదన్న మాటను ఈ జబ్బులో మామూలు అసౌకర్యంగా తీసుకోకూడదు. ప్రభుత్వ ఆస్పత్రుల అత్యవసర మందుల జాబితాలో ఈ మూడూ ఉండాలి, నెలల తరబడి నిల్వ ఉండాలి.

ఆరోగ్య శాఖను మేము కోరేది పెద్ద పథకమేమీ కాదు. 40 ఏళ్ళలోపు వారికి తొలిసారి మానసిక లక్షణాలు వచ్చినప్పుడు, వాటితో వణుకు గానీ ముద్దమాట గానీ లివర్ పరీక్షలో తేడా గానీ ఉంటే, సెరులోప్లాస్మిన్ తప్పనిసరి చేయాలి. కారణం తెలియని కాలేయ జబ్బున్న పిల్లలకూ ఇదే నియమం ఉండాలి. పత్రికలు కూడా డోపమైన్ గురించి రాసినప్పుడు ఈ లక్షణాలకు ఓ రెండు వాక్యాలు కేటాయించాలని మనవి.

ఇంకొకటి. జబ్బు తేలిన రోగి తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ అది ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. వారికి లక్షణాలు ఉండవు కాబట్టి ఎవరూ ఆస్పత్రికి రారు. రోగిలో కనిపించిన జన్యుమార్పులు తెలిస్తే తోబుట్టువుల్లో వెతకాల్సింది వాటినే. లక్షణాలు రాకముందే జింక్ మొదలుపెడితే మెదడు, కాలేయం రెండూ నిలుస్తాయి. వారిని పిలిపించాల్సింది ఎవరో, ఏ తేదీలోగా పిలిపించాలో రోగి డిశ్చార్జి కాగితం మీదే రాసి ఉండాలి.

— కాలేయ, నరాల వ్యాధుల వైద్యులైన మీ పాఠకులు