బోర్లు పూడ్చండి, మా ఊటనీటిని కొలవండి: గనుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గనులు, భూగర్భ వనరుల శాఖ మంత్రివర్యులకు కోనసీమ తీర గ్రామాల నుంచి నమస్కారాలు.

తీరపు ఇసుక ఖనిజాల గని ప్రతిపాదన గురించి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. హద్దులు, పటాలు, అంచనాలు అన్నీ మీ దగ్గర ఉన్నవే. మేము రాస్తున్నది ఆ హద్దులకు బయట జరుగుతున్న పని గురించి. ప్రధాన నిక్షేపం చుట్టుపక్కల చిన్న చిన్న శాటిలైట్ నిక్షేపాలు ఏమైనా ఉన్నాయా అని తీరం వెంబడి అటూ ఇటూ, లోపల కొబ్బరితోటల దాకా బోర్లు దించుతున్నారు. పని మొదలెట్టే ముందు గ్రామసభల్లో మాటిచ్చారు. వేసిన ప్రతి బోరూ పూడుస్తామన్నారు. నీటిమట్టం, నీటిలో ఉప్పు కొలుస్తామన్నారు. ఆ లెక్కలు పంచాయతీకి ఇస్తామన్నారు. వీటిలో ఒక్కటీ జరగలేదు. సోమవారం అర్జీలకు రసీదులు వచ్చాయి, జవాబులు రాలేదు. అందుకే అందరూ చదివేలా రాయాల్సి వస్తోంది. మన్నించండి.

అన్వేషణే వద్దని మేము అనడం లేదు. గని కట్టకముందే చుట్టూ ఏముందో చూసుకోవడం సరైన పద్ధతి. ప్లాంటు సామర్థ్యం, దాని చోటు, రోడ్డు, పవర్ లైను అన్నీ ఒకసారి ఖాయమయ్యాక పక్కన ఇంకో నిక్షేపం బయటపడితే దాన్ని ఎలాగోలా ఆ ప్లాంటుకు అతికించాలని చూస్తారు. ఇసుకలో బరువు ఖనిజాలు నూటికి అయిదు వంతులు ఉన్నాయనుకోండి. వంద టన్నులు టిప్పర్లలో ప్లాంటుకు తోలితే అందులో తొంభై అయిదు టన్నులు తిరిగి గోతిలో పొయ్యడానికి వెనక్కి తోలాలి. ఏడాదికి లక్ష టన్నుల ఇసుక అంటే పది టన్నుల టిప్పర్లు పదివేలు వెళ్ళాలి, దాదాపు అన్నీ వెనక్కి రావాలి. మా కాలువల మీది ఇరుకు వంతెనలు, బంకమట్టి మీద వేసిన రోడ్లు ఆ బరువు మోసేవి కావు. కాబట్టి ముందే వెదకండి. కానీ వెదికే పద్ధతిలో వెదకండి.

ముందుగా, ఆ శాటిలైట్ నిక్షేపాలు ఎక్కడున్నాయో చూడండి. డెల్టా వేల ఏళ్ళుగా సముద్రంలోకి పెరుగుతూ వచ్చింది. పెరిగిన ప్రతి దశలోనూ అప్పటి ఒడ్డు ఒక ఇసుక మెరకగా లోపల మిగిలిపోయింది. ఇల్మనైటు, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, కొద్దిపాటి మోనజైట్ ఉన్న నల్ల ఇసుక ఇప్పటి బీచిలో ఎలా ఉంటుందో ఆ పాత ఒడ్డుల్లోనూ అలాగే దొరకవచ్చు. మ్యాపు మీద అవి తీరానికి సమాంతరంగా సాగిన సన్నని గీతలు. నేల మీద అవి మా ఊళ్ళు. చుట్టూ వరి పొలాలు, ఉప్పు బీడులైన పర్ర భూములు వానకు మునిగితే మునగని చోటు అదొక్కటే కనుక ఇళ్ళు, బడి, గుడి, చర్చి, శ్మశానం, తుపాను షెల్టరు అన్నీ ఆ మెరక మీదే ఉన్నాయి. 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్ళకు మెరక విలువ వేరే చెప్పక్కర్లేదు.

మంచినీళ్ళు కూడా ఆ మెరకలోనే. వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేశాక శివారు గ్రామాలకు చెరువు, ఊటబావి, ఇసుకలో తవ్విన దొరువు తప్ప వేరే దిక్కు లేదు. సరుగుడు నారు, మల్లెతోట, కూరగాయల మడి, పశువులు అన్నీ దొరువు నీటి మీద బతుకుతాయి. వానకు ఇంకిన మంచినీరు తేలిక కనుక అడుగున ఉన్న ఉప్పునీటి మీద మజ్జిగ మీద వెన్నలా తేలుతుంది. భూగర్భ జలాల వాళ్ళందరికీ తెలిసిన లెక్క ప్రకారం మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక మీటరు పైన ఉంటే దాని కింద దాదాపు 40 మీటర్ల దాకా ఉప్పును అది అణచిపెట్టగలదు. మా దిబ్బల్లో అంత ఎత్తు ఉండదు. అర మీటరు ఉందనుకుంటే 20 మీటర్లు. పైన పాతిక సెంటీమీటర్లు దిగితే కింద పది మీటర్లు పోతాయి. పైగా చాలాచోట్ల ఇసుక అంత లోతు ఉండదు. కొన్ని మీటర్లకే నల్లబంక మట్టి పొర తగులుతుంది. దాని కింద పాత సముద్రపు ఉప్పునీరు ఉంటుంది. ఈ రెండు నీళ్ళనీ విడదీసి ఉంచుతున్నది ఆ బంక పొరే.

అయ్యా, మా బాధంతా ఆ పొర గురించే.

బోర్లు పూడ్చలేదేమని అడిగితే కాంట్రాక్టు మనుషులు ఒకే జవాబు చెబుతున్నారు: ఇసుకలో బోరు, డ్రిల్లు పైకి లాగగానే దానంతట అదే కూలి పూడిపోతుంది, ఏమీ కాదు అని. ఇసుక వరకు అది నిజమే. కానీ ఇసుక ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి డ్రిల్లు బంకలోకి దిగుతుంది. కొన్నిచోట్ల పొర సన్నగా ఉంటే అవతలికి కూడా పోతుంది. బంకలో పడిన కన్నం కూలదు, నిలబడుతుంది. పైనున్న ఇసుక జారి అందులో నిండుతుంది. అప్పుడు నీరు పోని మట్టి పొర మధ్య నీరు పారే ఇసుక గొట్టం తయారవుతుంది. కింది నీటికి ఒత్తిడి ఎక్కువుంటే ఉప్పు పైకి వస్తుంది. తక్కువుంటే మంచినీరు కిందికి దిగిపోతుంది. ఎటు జరిగినా నష్టపోయేది మా ఊటబావే. పైనుంచి చూస్తే బోరు పూడిపోయినట్టే కనిపిస్తుంది. అందుకే ఫొటో తీసి ఫైల్లో పెట్టినంత మాత్రాన మూసినట్టు కాదు.

సరిగ్గా మూయడం ఎంత పని? నాలుగు అంగుళాల బోరులో మీటరు పొడవుకు ఎనిమిది లీటర్ల చోటు ఉంటుంది. బంక పొర తగిలిన చోట కింద ఒక మీటరు, పైన ఒక మీటరు బెంటొనైట్ (నీరు తగిలితే ఉబ్బి కన్నాన్ని మూసే మట్టి) గుళికలు వెయ్యాలి. అంటే దాదాపు ఇరవై కిలోలు, ఒక చిన్న బస్తా. కేసింగును, అంటే బోరు కూలకుండా దించే గొట్టాన్ని, ఒక్కసారిగా పీకేయకుండా గుళికలు పడ్డకొద్దీ అడుగడుగునా పైకి లాగాలి. లేకపోతే ఇసుక ముందు కూలి, గుళికలు పైనే ఇరుక్కుంటాయి. ఉప్పునీటిలో బెంటొనైట్ సరిగ్గా ఉబ్బదు కనుక నాలుగు బిందెల మంచినీళ్ళు పోసి ఉబ్బనివ్వాలి. ఆపైన తీసిన ఇసుకే తిరిగి పొయ్యాలి. ఒక బోరుకు గంట పని. ఈ గంట పని చెయ్యలేదు. దీని కోసం ఇన్ని అర్జీలు పెట్టాల్సి రావడమే మాకు కష్టంగా ఉంది.

నీటిని కొలవడం ఇంకా తేలిక. నీరు మొదట తగిలిన లోతు రాసుకోవాలి, మరునాడు నిలకడ మట్టం రాసుకోవాలి. మీటరు లోతుకొకసారి వచ్చే నీటిలో ఉప్పు ఎంతుందో చూపే వాహకత పరికరం ముంచి అంకె రాయాలి. తాగునీటికి కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతోంది. బోరు వెయ్యకముందు ఈ అంకె ఎంతో రాసి ఉంటే, రేపు బావి ఉప్పెక్కితే కారణం బోరా, ఎండాకాలమా, రొయ్యల చెరువా అని తేల్చవచ్చు. రాయకపోతే ఎవరూ తేల్చలేరు. అప్పుడు నష్టపరిహారం అడిగితే ఆధారం చూపమంటారు. ఆ ఆధారం దొరికే అవకాశం బోరు వేసిన రోజే పోయింది.

ఖనిజం కోసమైనా ఈ పని పనికొచ్చేలా జరుగుతోందా అంటే అదీ లేదు. బోర్లు రోడ్డు పక్కన వరసగా వేశారు. బండి పోవడానికి వీలని అలా వేశారు. కానీ మా రోడ్లు మెరక నెత్తిమీద పొడవునా పోతాయి. పాత ఒడ్డు నిక్షేపం పొడవు ఎక్కువ, వెడల్పు తక్కువ. దాన్ని కొలవాలంటే అడ్డంగా దగ్గర దగ్గరగా, పొడవునా దూర దూరంగా బోర్లు ఉండాలి. పొడవునా నెత్తి మీదే వేస్తే వెడల్పు తెలియదు. రెండు పక్కల వాలు ఎక్కడ తెగిపోతుందో తెలియదు. తెలియని వెడల్పును ఊహించి మ్యాపు మీద గీత గీస్తే ఆ గీతలో ఎన్ని ఇళ్ళు పడతాయో మీరే చూడండి.

నీటిమట్టం కిందికి చేతి ఆగరుతో, అంటే చేత్తో తిప్పే బర్మాతో, పోతున్నారు. తడి ఇసుకలో ఆగరు పైకి లాగిన ప్రతిసారీ పక్క ఇసుక కూలుతుంది, పై పొరలోని నల్ల ఇసుక అడుగు నమూనాలో కలుస్తుంది. ఇలాంటి చోట్లకు బంకా డ్రిల్లు ఉంది. ఇండోనేషియాలో బంకా దీవి తగరపు ఇసుకల కోసం తయారైన పద్ధతి అది, మన దేశంలోనూ బీచి ఇసుక అన్వేషణలో వాడుతున్నదే. కేసింగు ముందు దిగాలి, ఇసుకను తోడి తీసే బెయిలరు దాని లోపలే ఉండాలి. బెయిలరు కేసింగు మూతి దాటితే బయటి ఇసుక పొంగుకొస్తుంది. తప్పు పట్టుకోవడానికి తగరం వెదికేవాళ్ళు పాటించే నియమం చాలా సులువు: నాలుగు అంగుళాల బోరులో మీటరుకు ఎనిమిది లీటర్ల ఇసుక రావాలి. పన్నెండు వస్తే ఆ నమూనా చెల్లదు, అయిదే వస్తే అదీ చెల్లదు. ఇక్కడ బక్కెట్టుతో కొలిచేవారే లేరు.

తీసిన ఇసుకను గాలిలో టార్పాలిన్ మీద కుప్పపోసి పారతో నాలుగు భాగాలు చేస్తున్నారు. పొడి ఇసుకలో బరువు గింజలు అడుగుకు జారతాయి, తేలికవి గాలికి పోతాయి. ఇసుకను గాడుల గుండా సమానంగా పంచే రిఫుల్ స్ప్లిట్టరు వాడితే ఈ గొడవ ఉండదు. ఆ తర్వాత ల్యాబులో మెత్తటి మట్టి కడిగేసి, 2.89 సాంద్రత ఉన్న బ్రోమోఫాం అనే బరువైన ద్రవంలో ముంచి తేల్చి, మునిగినదాన్ని అయస్కాంతంతో విడదీసి, మైక్రోస్కోపు కింద గింజలు లెక్కపెడతారు. ఆ పనంతా ఎంత నిక్కచ్చిగా చేసినా, దిబ్బ దగ్గర చెడిన నమూనా ల్యాబులో బాగుపడదు. పైగా తీరపు నమూనాలు కొన్ని సముద్రపు అలజడి తగ్గిన వెంటనే తీశారు. తుపాను అలలు తేలిక ఇసుకను లాక్కుపోయాక బీచి మీద నల్ల పొర పేరుకుని ఉంటుంది. కొన్ని నెలలకు దాని మీద తెల్ల ఇసుక చేరుతుంది. ఒక్క సీజనులో తీసిన నమూనాతో గ్రేడు, అంటే ఇసుకలో ఖనిజం వంతు, లెక్కవేస్తే కాగితం మీద నిక్షేపం పెద్దదవుతుంది.

అలా పెద్దదైన నిక్షేపమే మా భయం. శాటిలైట్ చోట్లకు టిప్పర్లు కాకుండా, ఇసుక కడిగే స్పైరల్ ప్లాంటునే తెచ్చి పెడతారని వింటున్నాం. స్పైరల్‌కు ఇసుక ఒక వంతయితే నీరు రెండు వంతులు ఉండాలి. తిరిగి వాడినా, ఇంకిపోయేదానికి రోజూ కొత్త నీరు కావాలి. ఆ నీరు ఎక్కడిది? దిబ్బ కింది ఊటనీరు తోడితే మట్టం దిగుతుంది. సముద్రపు నీరు వాడితే కడిగిన ఇసుకతోపాటు ఉప్పు తిరిగి దిబ్బలోకి చేరుతుంది. ఈ ప్రశ్నకు జవాబు ఇంతవరకు ఏ సభలోనూ ఎవరూ చెప్పలేదు.

ఖనిజం తీశాక దిబ్బ అంతకుముందున్న ఎత్తుకు రాదు. గోదావరి తిరిగి నింపుతుందా అంటే, 1970ల్లో ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చిన నది 1990లకే 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. ఎగువన ఆనకట్టల్లో ఆగిపోయింది. ఉప్పాడ పరిస్థితి మీరు చూశారు. అంతర్వేది పల్లిపాలెంలో సముద్రం ఎంత ముందుకొచ్చిందో కూడా మీ అధికారులకు తెలుసు.

భూమిలోకి గొట్టాలు దించడం మాకు కొత్త కాదు. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి బ్లోఅవుట్ రెండు నెలలకు పైగా మండింది. దించేవాళ్ళు మాట నిలబెట్టుకోకపోతే ఏమవుతుందో తెలిసినవాళ్ళం కనుకే ఇంతగా వేడుకుంటున్నాం.

ఇప్పటికి వేసిన బోర్ల జాబితా, ఒక్కొక్కటి ఎంత లోతు, బంక ఎక్కడ తగిలింది అన్న వివరాలు తెలుగులో పంచాయతీలకు ఇప్పించండి. బంకలోకి దిగిన ప్రతి బోరునూ మళ్ళీ తెరిచి బెంటొనైట్‌తో మూయించండి. చుట్టుపక్కల బావులు, దొరువుల నీటిని కొలిపించండి. అవి జరిగేదాకా కొత్త బోరు వెయ్యనివ్వకండి. మెరకకు అడ్డంగా, కేసింగుతో, రెండు సీజన్లలో నమూనాలు తీయించండి. ఊళ్ళ మీద గీతలు గీసేముందు ఆ ఊళ్ళవాళ్ళను పిలిపించండి. తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలల్లో రాత్రి లైట్లు పెట్టి ఒడ్డున పని చెయ్యనివ్వకండి. దయచేసి బోర్లు మూయించండి. మిగతావి ఆలస్యమైనా ఇదొక్కటి ఆలస్యం కాకూడదు. కాలువలు కట్టేస్తే ఊటనీటి మట్టం అడుగంటుతుంది, ఉప్పు పైకి లేచే సమయం అదే. కాలువలు కట్టకముందే బెంటొనైట్‌తో మనుషులను పంపండి. బోర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో మేము వెంట ఉండి చూపిస్తాం, మంచినీళ్ళ బిందెలు మేమే తెస్తాం.

ఇట్లు,
ఇసుకనూ నీటినీ కొలిచే పనిలో ఉన్న కోనసీమ తీర గ్రామాలవాళ్ళం