లెస్టర్‌లో ఉన్న ఆ తల్లికి, తిరుపతి నుంచి

ఈరోజు మా అబ్బోడు కెమెరా ఆన్ చేసి మాట్లాడాడు. నవంబర్ నుంచి వాడి ముఖం సరిగా చూసింది లేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. నిద్ర లేదు, తప్పులుంటే మన్నించండి. కానీ మా వాడికి తోడు నిలిచినవాళ్లకు కృతజ్ఞతలు ఇప్పుడే రాయాలి.

వాడు సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కు వెళ్లాడు. కొర్లగుంటలో, గడప దాటితే నలుగురు పలకరించే వీధిలో పెరిగినవాడు. అక్కడ డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. ఎదురు గదిలో ఎవరున్నారో కూడా తెలియదు. "తిన్నావా నాయనా" అంటే "తిన్నానమ్మా" అనేవాడు. నమ్మాను. సరిగా తినక, గదిలో ఉండలేక రాత్రంతా లైబ్రరీలో కూర్చునేవాడని తర్వాత తెలిసింది.

అక్కడ రాత్రిపూట నేల తుడిచే గుజరాతీ ఆవిడ వాడిని గమనించారు. ముందు పుస్తకం ఉంది, పేజీ తిరగడం లేదు. మూడు రాత్రులు చూశారట. నాలుగో రాత్రి ఏమీ అడగకుండా రెండు థేప్లాలు (వాళ్ల మెంతి రొట్టెలు) కాగితంలో చుట్టి పక్కన పెట్టి వెళ్లారు. కాసేపటికి తిరిగొచ్చి, "ఆరింటికి నా డ్యూటీ అయిపోతుంది, బస్‌స్టాప్ దాకా తోడు వస్తావా?" అన్నారు. ఈ మాట తలుచుకుంటేనే నాకు గొంతు పూడుకుపోతోంది. నీకేమైందని అడిగి ఉంటే ఏమీ లేదనేవాడు. ఆవిడ తనకే తోడు కావాలన్నట్టు అడిగారు.

1972లో ఉగాండా పాలకుడు ఈదీ అమీన్ మన ఆసియావాళ్లను వెళ్లగొడితే, ఆవిడ అక్కడి నుంచి పదేళ్ల పిల్లగా వచ్చారట. లెస్టర్‌కు రావద్దని ఆ ఊరి కౌన్సిల్ అప్పట్లో ఉగాండా పేపర్లో ప్రకటన కూడా వేసింది. "ఆ చలికాలమంతా మా అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. మీ అబ్బాయిలో ఆ ముఖమే కనిపించింది" అని నాకు హిందీలో చెప్పారు. డాక్టర్ దగ్గర పేరు రాయించారు. ఆదివారాలు ఇంటికి పిలిచి వంటింట్లో పని చెప్పారు. మా ఊరుబిండి పచ్చడి ఎలా చేస్తారో నన్ను ఫోన్లో అడిగి వాడి చేతే చేయించారు. పేరు రాయవద్దన్నారు. తెలుగు రాదు కాబట్టి ఇది మా వాడే చదివి చెప్పాలి.

వీసాతో పాటే అక్కడి ప్రభుత్వ వైద్యానికని ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము కట్టాం. యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కు రాస్తే ఫారం, ఆపై ఐదు వారాల వెయిటింగ్. ఇక్కడి కన్సల్టెన్సీ వాళ్లు వీసా వచ్చాక ఫోనే ఎత్తలేదు. బ్యాంకులో ఎంత చూపించాలో చెప్పారు. పిల్లాడు ఒంటరైపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఎందుకు చెప్పరు? అక్కడ మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే సమారిటన్స్ నంబర్ 116 123 రాత్రీపగలూ ఉచితమని ఆవిడ చెబితేనే తెలిసింది.

మా ఆయన, పెద్దమ్మాయి, మా అన్న తోడుగా ఉన్నారు, వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, మన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416లో తెలుగులో మాట్లాడిన అమ్మాయిని మరిచాను. రాత్రి రెండింటికి చేశాను. "ధైర్యంగా ఉండమని చెప్పకండమ్మా, ఈరోజు ఏం చేశాడో అడిగి వినండి" అంది. నోట్సులు పంపిన నైజీరియా క్లాస్‌మేట్‌కు, సంక్రాంతికి పిలిచిన పలమనేరు పిల్లలిద్దరికి కూడా. ఇంకా మా వీధి చివర జిరాక్స్ షాపు బాబు, వేసిన షట్టర్ మళ్లీ ఎత్తి వాడి పాత రిపోర్టులు స్కాన్ చేసి పంపాడు, డబ్బులు తీసుకోలేదు.