పెయింటు డబ్బా మీద వీఓసీ అంకె ముద్రించాలి

సంపాదకులకు,

సంక్రాంతి దగ్గర పడుతుంటే ఇళ్లకు రంగులు వేయించే సందడి మొదలవుతుంది. ఈ రోజుల్లో పెయింటు దుకాణానికి వెళితే 'వాసన లేనిది', 'పర్యావరణ హితం', 'పిల్లలున్న ఇంటికి సురక్షితం' అన్న మాటలే ఎదురవుతాయి. ఆ మాటలకు ఆధారంగా నిలవవలసిన వీఓసీ అంకె మాత్రం చాలా డబ్బాల మీద కనిపించదు. దానిని స్పష్టంగా, తెలుగులో ముద్రించడం తప్పనిసరి చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

రంగు ఆరేటప్పుడు, ఆరిన తరువాత కూడా కొంతకాలం, గాలిలోకి వెలువడే కర్బన రసాయనాలను వీఓసీలు (వోలటైల్ ఆర్గానిక్ కాంపౌండ్స్) అంటారు. లీటరు రంగులో అవి ఎన్ని గ్రాములున్నాయన్నది వాటి కొలత. కళ్లు మండడం, తలనొప్పి, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం ఎక్కువ కావడం వాటి వల్ల వెంటనే కలిగే బాధలు. వాసన రానంత మాత్రాన ఇవి లేవని చెప్పలేము. పరిమళం కలిపి ఘాటును కప్పిపుచ్చడం పెద్ద పనేమీ కాదు. ఇంకా రంగు కలపని తెల్లని బేస్‌లో వీఓసీ తక్కువగానే ఉన్నా, ముదురు రంగు కోరినప్పుడు దుకాణంలోని యంత్రం కలిపే రంగు ద్రావణాల రకాన్ని బట్టి అది పెరగవచ్చు. అందువల్ల అంకె అడిగేటప్పుడు రంగు కలిపిన తరువాత ఎంత ఉంటుందని అడగాలి.

ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. వీఓసీల విషయంలో అటువంటి చట్టబద్ధమైన కట్టడి లేదు. ఐరోపా సమాఖ్యలో 2010 నుంచి లోపలి గోడలకు వేసే మెరుపు లేని రంగుల్లో లీటరుకు 30 గ్రాములే గరిష్ఠ పరిమితి. మన దగ్గర పర్యావరణ హిత వస్తువులకు ఇచ్చే గుర్తులుగా 1991లో మొదలైన మట్టికుండ గుర్తు ఎకోమార్క్, హైదరాబాద్‌లోని భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) గ్రీన్ బిజినెస్ సెంటర్ ఇచ్చే గ్రీన్‌ప్రో ముద్ర ఉన్నా, అవి కంపెనీలు తమంత తాము కోరి తెచ్చుకునేవే తప్ప తప్పనిసరి కావు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. గోడలకు ఖరీదైన ఎమల్షన్ ఎంచుకునే కుటుంబాలే తలుపులకు, కిటికీ చువ్వలకు, బీరువాలకు వచ్చేసరికి పెయింటరు తెచ్చిన ఆయిల్ ఎనామిల్‌కు, అందులో కలిపే టర్పెంటైన్‌కు, చెక్క పాలిష్‌లో వాడే థిన్నర్‌కు అడ్డు చెప్పవు. నీళ్లతో పలచన చేసే ఎమల్షన్‌తో పోలిస్తే అసలు ఘాటంతా వీటిలోనే ఉంటుంది. కఠినమని పేరుపడిన ఐరోపా నిబంధన సైతం చెక్కకు, ఇనుముకు వేసే ఆయిల్ రంగుల్లో లీటరుకు 300 గ్రాముల దాకా, అంటే గోడ రంగుకు పది రెట్లు, అనుమతిస్తుంది. నీటితో కలిపే ఎనామిల్ మన బజారులోనూ దొరుకుతున్నది. ధర కొంచెం ఎక్కువ, పాత ఆయిల్ పెయింటు మీద పట్టాలంటే ముందుగా రుద్ది తగిన ప్రైమరు వేయాలి. ఆ రుద్దడంలోనూ జాగ్రత్త అవసరం. 2017కు ముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ కనుక ఉప్పు కాగితం (శాండ్ పేపర్)తో పొడిగా రుద్దితే ఆ దుమ్ము నేల మీద పాకే పిల్లల నోటికి చేరుతుంది. తడుపుతూ రుద్దించి, తడిగుడ్డతో తుడిపించి, ఆ పని జరిగేటప్పుడు పిల్లలనూ గర్భిణులనూ ఇంట్లో ఉంచకపోవడం మేలు.

ఆవు పేడతో తయారయ్యే ఖాదీ ప్రాకృతిక్ పెయింటు 2021 జనవరిలో విడుదలైంది. దానిపట్ల ఆసక్తి ఉన్నవారు కూడా అడగవలసింది అదే అంకె. సున్నంలో వీఓసీల సమస్యే లేదు, కానీ ఎమల్షన్ వేసిన గోడకు అది పట్టదు, పిల్లల చేతి మరకలు కడిగితే నిలవదు. పాత సున్నపు గోడలున్న పల్లె ఇళ్లకు మాత్రం నేటికీ దానిని మించినది లేదని నా అభిప్రాయం.

ఎంత మంచి రంగు కొన్నా, ముహూర్తం ముంచుకొచ్చిందని నిన్న రంగు వేసిన గదిలో కిటికీలు మూసుకుని నేడు పడుకుంటే ప్రయోజనం ఉండదు. పిల్లలు అమ్మమ్మగారి ఊరికి వెళ్లే వేసవి సెలవులే ఈ పనికి అనువైన కాలం. గోడలు ఎండి ఉంటాయి, కిటికీలు పగలూ రాత్రీ తెరిచి ఉంచవచ్చు. పండుగకే వేయించక తప్పదనుకునేవారు ఒక్కో గదీ ఖాళీ చేసుకుంటూ వేయించుకోవాలి.

మనం కొద్ది రోజులు పీల్చే గాలిని పెయింటర్లు ఏడాది పొడవునా పీలుస్తారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1989లోనే పెయింటరు వృత్తిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని లప్పం రుద్దే మనిషి ఆరోగ్యం ఏ ప్రకటనలోనూ కనిపించదు.

కేంద్రం నిబంధన తెచ్చేదాకా ఆగకుండా, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు అంగన్‌వాడీ కేంద్రాలు, పాఠశాలలు, ఆసుపత్రుల రంగుల టెండర్లలో వీఓసీ పరిమితిని ఒక షరతుగా చేర్చాలి. గోడ రంగుతో పాటు తలుపుల ఎనామిల్‌కూ ఆ షరతు వర్తించాలి.

— ఒక పాఠకురాలు, హనుమకొండ