కెమెరా పట్టే కంటికి చలువ అద్దాలు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వుకున్నాను. కెమెరా కొనడానికి ఆరు నెలలు ఆలోచించి, లెన్సుల గురించి నా చెవులు చిల్లులు పడేలా చర్చించినవాడివి, చలువ కళ్ళద్దాల దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి చెప్పు, కొనేస్తాను" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పైగా "పోలరైజ్డ్ అయితే మంచిదట కదా" అని చివర ఒక మాట చేర్చావు. ఆ చివరి మాట కోసమే ఇంత పొడుగు ఉత్తరం రాయవలసి వస్తోంది, ఎందుకంటే కొన్నేళ్ళ క్రితం నేనూ సరిగ్గా ఆ మాటే నమ్మి మోసపోయాను.

కొత్త పోలరైజ్డ్ అద్దాలు పెట్టుకుని ఒక మధ్యాహ్నం చెరువు గట్టున కూర్చున్నాను. నీటి మీది తళతళ అంతా తుడిచిపెట్టినట్టు పోయి, అడుగున గులకరాళ్ళు, వాటి మీదుగా కదిలే చేపల నీడలు కూడా స్పష్టంగా కనిపించాయి. అప్పటి నా కెమెరాలో కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్, లెన్సులో పడిన దృశ్యాన్నే లోపలి అద్దంతో చూపించే పాత రకం కాబట్టి, దానిలో నుండి చూసినా అదే దృశ్యం కనిపించింది. ఒళ్ళు మరచి నలభై ఫోటోలు తీశాను. ఇంటికి వచ్చి చూస్తే ఒక్కదానిలోనూ చేప లేదు, రాయి లేదు, తెల్లగా మెరిసే ఆకాశపు ప్రతిబింబం తప్ప! కళ్ళద్దాలు పెట్టుకున్నది నేను, కెమెరా కాదు కదా. అక్కడికక్కడే తెర మీద చూసుకోవలసిందని నువ్వంటావు. చూసుకుందామనే నిలువు ఫోటో కోసం తిప్పిన కెమెరాను అలాగే పట్టుకుని చూశాను, తెర నల్లగా ఉంది. బ్యాటరీ అయిపోయిందనుకుని మార్చాను కూడా.

రెండింటికీ కారణం ఒక్కటే. నీటి మీద, ఆకుల మీద, గాజు మీద పడి పరావర్తనం చెందిన కాంతి ఎక్కువగా ఒకే దిశలో కంపిస్తుంది. 1808లో ఎతియెన్ లూయీ మాలుస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పారిస్‌లోని ఒక రాజభవనపు కిటికీల మీద మెరిసే ఎండను స్ఫటికంలో నుండి చూస్తూ ఈ సంగతి పట్టుకున్నాడు. నీటి విషయంలో, నిట్టనిలువు గీత నుండి కొలిస్తే దాదాపు 53 డిగ్రీల కోణంలో పడిన కాంతికి ఈ గుణం పూర్తిగా అబ్బుతుంది. నీటి మీది మెరుపులో ఆ కంపనం అడ్డంగా ఉంటుంది, పోలరైజ్డ్ అద్దాలు దాన్నే ఆపేస్తాయి. ఎల్‌సీడీ తెర కూడా పోలరైజింగ్ పొరలతోనే పనిచేస్తుంది కనుక, దాని నుండి వచ్చే కాంతికీ ఒక దిశ ఉంటుంది. ఆ దిశకు నీ కళ్ళద్దాలు అడ్డుపడే కోణంలో కెమెరాను తిప్పావంటే తెర మసకబారుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆరిపోయినట్టు కనిపిస్తుంది. ఏ కోణంలో అన్నది తెర తయారీని బట్టి మారుతుంది.

ఇంతకన్నా నాకు పెద్ద అభ్యంతరం మరొకటి ఉంది. లెన్సు ముందు పోలరైజింగ్ ఫిల్టర్ పెట్టాలా వద్దా అని నిర్ణయించుకోవలసింది మామూలు కంటితో. సూర్యుడికి 90 డిగ్రీల పక్కగా ఉన్న ఆకాశం ఆ ఫిల్టర్‌తో బాగా ముదురుతుంది. కళ్ళద్దాలు ముందే ఆకాశాన్ని ముదురు నీలంగా చూపిస్తూ ఉంటే, ఫిల్టర్ అవసరమే లేదని నీకు అనిపిస్తుంది. ఫిల్టర్‌నైతే కావలసినంత తిప్పుకోవచ్చు, కాదనుకుంటే విప్పేయవచ్చు. కళ్ళద్దాల కోణం మాత్రం నీ తలతోపాటే వంగుతుంది. అలాగని నా పాత అద్దాలను పారేయలేదు. సంచిలో ఉంచుకుని, ఏదైనా దృశ్యానికి ఫిల్టర్ పనికివస్తుందా అని తెలుసుకోవడానికి చేత్తో పట్టుకుని తిప్పి చూస్తాను. ఆ పనికి అంతకన్నా మంచి సాధనం లేదు.

అందుచేత నువ్వు పోలరైజ్డ్ కానివే కొను. తరువాతి ప్రశ్న రంగు. గోధుమ రంగు, తేనె రంగు అద్దాలు నీలాన్ని కోసేసి మబ్బులను, కొండల అంచులను విడదీసి చూపిస్తాయి, అందుకే పెట్టుకోగానే లోకం బాగుపడినట్టు ఉంటుంది. చిక్కేమిటంటే, కొన్ని నిమిషాల్లో మన మెదడు ఆ రంగుకు అలవాటు పడి, అదే సహజమనుకుంటుంది. ఆ తరువాత తెర మీది రంగుల గురించి, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే వచ్చేలా కెమెరాలో రంగులను సరిచేసే అమరిక) గురించి నువ్వు చేసే ప్రతి నిర్ణయమూ ఒక పక్కకు ఒరుగుతుంది. బూడిద రంగు అద్దం అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తుంది కాబట్టి మనలాంటివాళ్ళకు అదే తగినది. దుకాణంలో ఒక తెల్ల కాగితాన్ని అద్దంలో నుండి చూడు, కాగితం కాస్త నీడలో పెట్టిన తెల్ల కాగితంలా కనిపించాలి తప్ప పసుపుగానో పచ్చగానో కనిపించకూడదు.

ఇక నలుపు ఎంత ఉండాలన్నది. ఐఎస్ఓ 12312-1 అనే ప్రమాణం ప్రకారం చలువ అద్దాలకు 0 నుండి 4 వరకు తరగతులు ఉన్నాయి: రెండో తరగతి అద్దం 18 నుండి 43 శాతం కాంతిని లోపలికి పంపుతుంది, మూడోది 8 నుండి 18 శాతం, నాలుగోది 3 నుండి 8 శాతం మాత్రమే. నాలుగోది పెట్టుకుని బండి నడపకూడదు, మంచు కొండలెక్కేవాళ్ళకు తప్ప మనకు దానితో పని లేదు. ఈ లెక్కను మన భాషలోకి మార్చుకుంటే, పన్నెండున్నర శాతం కాంతినిచ్చే అద్దం అంటే మూడు స్టాప్‌ల చీకటి (ఒక్కో స్టాప్‌కు వెలుగు సగమవుతుంది). అలాంటి అద్దాలతో తెర చూసి "ఫోటో చీకటిగా వచ్చింది" అనుకుని ఎక్స్‌పోజర్, అంటే కెమెరా లోపలికి తీసుకునే వెలుగు, పెంచావా, మబ్బుల్లోని వివరమంతా సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది. తెర వెలుగును నమ్మకుండా హిస్టోగ్రామ్‌ను, అంటే ఫోటోలో చీకటివెలుగులు ఎంతెంత ఉన్నాయో చూపే పటాన్ని, చూడడం అలవాటు చేసుకో. ఇసుక మీద, సముద్రం దగ్గర మూడో తరగతి కావాలి. చెట్ల మధ్య తిరిగేవాడికి రెండో తరగతి చాలు. ఎంత నల్లనివైనా సరే, చలువ అద్దాలు పెట్టుకున్న ధైర్యంతో వ్యూఫైండర్‌లో నుండి సూర్యుడిని మాత్రం చూడవద్దు.

నలుపుకూ కంటి రక్షణకూ సంబంధం లేదు. అతినీలలోహిత కిరణాలను ఆపని నల్ల అద్దం అసలు అద్దం లేకపోవడం కన్నా చెడ్డది కావచ్చు, ఎందుకంటే చీకటికి కంటిపాప విచ్చుకుని ఆ కిరణాలకు తలుపులు బార్లా తెరుస్తుంది. యూవీ 400 అని రాసి ఉన్నవి 400 నానోమీటర్ల వరకు ఉన్న కిరణాలను ఆపుతాయి, అది ఉంటే చాలు.

నాకు అన్నిటికన్నా నచ్చినది పైన ముదురుగా మొదలై కిందికి వచ్చేకొద్దీ పలచబడే అద్దం. ఆకాశం పైన, కెమెరా తెర కింద ఉంటాయి కాబట్టి, తల ఎత్తితే నీడ, చూపు దించితే వెలుగు. ఎండను బట్టి రంగు మారే ఫోటోక్రోమిక్ అద్దాల జోలికి వెళ్ళకు; నీడలోకి వచ్చాక అవి తేటపడేసరికి పిట్ట ఎగిరిపోతుంది.

నీకు దూరపు చూపు అద్దాలు కూడా ఉన్నాయి కాబట్టి ఇంకొక చిక్కు ఉంది. వ్యూఫైండర్‌కు కన్ను బాగా దగ్గరగా ఆనితేనే నాలుగు మూలలూ కనిపిస్తాయి, మధ్యలో అద్దం అడ్డుంటే అంచులు తెగిపోతాయి. ముఖానికి చుట్టుకునే వంపు అద్దాలు పక్క వెలుతురును బాగానే ఆపుతాయి గానీ ఈ పనికి మరీ అడ్డం. వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రంతో చాలా కెమెరాల్లో మైనస్ మూడు, నాలుగు వరకు పవర్ సర్దుకోవచ్చు, అయితే అప్పుడు అద్దాలు తీస్తే కెమెరాలో లోకం స్పష్టం, బయటి లోకం మసక. నీ సొంత పవర్ అద్దాల మీద తగిలించుకుని, అవసరమైనప్పుడు పైకి ఎత్తేసే చలువ క్లిప్ ఒకటి తీసుకో. అది పెట్టుకుంటే నువ్వు కాస్త వింతగా కనిపిస్తావు, పిట్టలేమీ అనుకోవు. వ్యూఫైండర్‌కు రబ్బరు కప్పు తప్పక ఉంచు, లేకపోతే దాని గట్టి అంచు నెలలోపే అద్దాల మీద గీతలు గీస్తుంది.

దుకాణంలో మరొక పరీక్ష కూడా చేయి. అద్దాలను చేతి దూరంలో పట్టుకుని, తలుపు చట్రం లాంటి తిన్నని గీతను వాటిలో నుండి చూస్తూ మెల్లగా కదుపు. గీత వంకర తిరిగితే ఆ అద్దం వద్దు. పాలీకార్బొనేట్ గట్టిదే, కానీ అంచుల దగ్గర రంగులను విడదీస్తుంది. రంగులను ఎంత తక్కువగా విడదీస్తే అంత పెరిగే అబ్బే సంఖ్య అనే కొలతలో దానిది 30 దరిదాపుల్లో ఉంటే, సీఆర్-39 ప్లాస్టిక్‌ది 58. లెన్సుల్లో రంగు అంచుల గురించి గంటలు వాదించే నీకు ఇంతకన్నా చెప్పనక్కరలేదు. అద్దాల వెనుక వైపు ప్రతిబింబాలను ఆపే పూత ఉందేమో కూడా అడుగు. మనం తరచుగా సూర్యుడిని వీపు వెనుక ఉంచుకుని నిలబడతాం కదా, ఆ వెలుగు అద్దం వెనుక తగిలి తిరిగి కంట్లోనే పడుతుంది.

రోజంతా ఎండలో ఉత్త కళ్ళతో తిరిగితే ఆ రాత్రి కన్ను చీకటికి అలవాటు పడడం ఆలస్యమవుతుంది. చుక్కల ఫోటోలు తీయాలని ఎప్పటినుండో అంటున్నావు, కాబట్టి పగలే అద్దాలు పెట్టుకో, పొద్దు వాలగానే తీసేయి. క్లిప్ కొన్నాక తెల్ల కాగితం ఎలా కనిపించిందో రాయి.

నీ మిత్రుడు